ఎల్‌కేజీ డైరీలో ఆటలు రాయండి: నెల్లూరు జిల్లా ప్రైవేటు బడుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు, చిన్న క్లాసుల బాధ్యత చూసే ఇన్‌చార్జి టీచర్లకు,

నమస్కారం. కోవూరు చుట్టుపక్కల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెప్పి రిటైరైన టీచర్ని నేను. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. మిమ్మల్ని అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు రాత హోంవర్కు ఇవ్వడం ఈ జూన్ నుంచి ఆపేయండి. డైరీలో ఆ జాగాలో, ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో కలిసి ఆడాల్సిన ఆట ఒకటి రాయండి. రోజుకు ఒక్కటి చాలు. ఇరవై నిమిషాలో అరగంటో పట్టేది, ఇంట్లో ఉన్న వస్తువులతో అయ్యేది, పైసా ఖర్చు లేనిది.

ఈ మాట తల్లిదండ్రులకే చెప్పవచ్చు కదా అంటారేమో. చెబుతూనే ఉన్నాను. మా వీధిలో ఒకమ్మాయి ట్రంకు రోడ్డులో చీరల షాపులో పనిచేస్తుంది. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. వాళ్ల బాబుకి నాలుగేళ్లు, ఎల్‌కేజీ. అప్పటికి వాడు సగం నిద్రలో ఉంటాడు. వాడిని లేపి, ముఖం కడిగి, ఫోర్ లైన్స్ కాపీ ముందు కూర్చోబెట్టి ఒక పేజీ నిండా ఒకే అక్షరం, ఇంకో పేజీలో ఒకటి నుంచి యాభై దాకా అంకెలు రాయించాలి. వాడి పిడికిలిని తన పిడికిట్లో పట్టుకుని ఆ అమ్మాయే రాసేస్తుంది. వాడి చూపు పేజీ మీద కూడా ఉండదు. "ఎందుకమ్మా, ఈ రోజుకి వదిలెయ్యి, పడుకోనీ" అన్నాను. "రాయకుంటే మిస్సు డైరీలో ఎర్ర పెన్నుతో రాస్తాదంట మేడం. రేపు అందరి ముందర నిలబెడతారని వీడు ఇప్పట్నించే ఏడుస్తా ఉండాడు" అంది.

ఉద్యోగమంతా ఒకటో తరగతి పిల్లల మధ్యే గడిపిన నా మాటకన్నా మీ డైరీలోని ఒక్క లైనుకు ఆ ఇంట్లో విలువ ఎక్కువ. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. తన జీతంలోంచి ఫీజు కడుతోంది, బడి చెప్పింది చేస్తోంది. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. మీరు రాస్తే జరుగుతుంది.

నాలుగేళ్ల పిల్లల చెయ్యి ఒకసారి దగ్గరగా చూడండి. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలు పుట్టినప్పుడు ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి మాత్రమే. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. అన్నీ పూర్తయ్యేసరికి పిల్లలు పదేళ్లు దాటుతారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పెన్సిల్ పట్టుకోవాలి, మిగతా రెండు వేళ్లు కాగితం మీద ఆనాలి, మణికట్టు సులువుగా కదలాలి. ఇదంతా జరగాలంటే ఆ వేళ్లకు అంతకుముందే బోలెడంత పని పడి ఉండాలి. స్టాండింగ్ లైన్లు, స్లీపింగ్ లైన్లు పేజీలకు పేజీలు గీయించినంత మాత్రాన ఆ బలం రాదు. బలం లేని చెయ్యి పెన్సిల్‌ని పిడికిలితో బిగించి పట్టుకుంటుంది. ఆ పట్టు ఒకసారి అలవాటయ్యాక ఒకటో తరగతిలో మాన్పించడం ఎంత కష్టమో మీ టీచర్లను అడిగితే చెబుతారు.

ఆ బలం వంటింట్లో వస్తుంది. సంక్రాంతి ముందు కందికాయలు వస్తాయి కదా, చాటలో పోసి పిల్లల ముందు పెట్టి చూడండి. మొదట్లో కాయని రెండు చేతులతో పట్టుకుని విరవబోతారు. కాయ వంగుతుంది గానీ తెరుచుకోదు. పక్కన అమ్మమ్మ వేళ్ల వంక చూస్తారు. అతుకు ఉన్న వైపు తిప్పి బొటనవేలితో నొక్కితే టప్పుమని విచ్చుకుంటుందని కాసేపటికి వాళ్లే కనిపెడతారు. ఇక ఆగరు. ఒక కాయలో మూడు గింజలు, ఇంకో దాంట్లో నాలుగు, ఒకదాంట్లో పురుగు. ఆ పురుగుని చూసి కేకలు పెడతారు, మూసి ఉన్న కాయలోకి అది ఎట్లా దూరిందని అడుగుతారు. అడిగిన ప్రశ్నకు అమ్మమ్మ దగ్గర జవాబు ఉందో లేదో తర్వాతి సంగతి. ఆ ప్రశ్న పుట్టడమే చదువు. గిన్నెడు గింజలు ఒలిచేసరికి ఆ వేళ్లకు దొరికిన కసరత్తు పది పేజీల రాతలో దొరకదు.

చపాతీ పిండి పిసకడం, తడి గుడ్డ పిండడం, ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడం కూడా ఇలాంటివే. వినాయక చవితికి మట్టి ఎలాగూ తెస్తారు, అందులో కొంచెం పిల్లలకు ఇమ్మని ఆ వారం డైరీలో రాయండి.

ముగ్గు గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. చిటికెడు పిండి తీసుకుని, రెండు వేళ్ల మధ్య నుంచి సన్నగా జారవిడుస్తూ చుక్క నుంచి చుక్కకు గీత లాగడం చాలా నేర్పుతో కూడిన పని. కన్ను ముందు వెళ్లాలి, చెయ్యి దాని వెంట రావాలి, గీత ఎక్కడ తిరుగుతుందో బుర్రలో ముందే ఉండాలి. మన తెలుగు అక్షరాల్లో ఉన్న వంపులన్నీ ముగ్గులో ఉన్నాయి. మూడు చుక్కలు, మూడు వరసలు పెట్టి ఇస్తే నాలుగేళ్ల పిల్లలు వాళ్లకు తోచినట్టు కలుపుతారు. వంకర పోతే పోనివ్వండి, మర్నాడు చెరిపి మళ్లీ వేసేదే కదా. మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లకు వాకిలి ఎక్కడిది అంటే, పళ్లెంలో పిడికెడు పెన్నా ఇసుక పోసి వేలితో గీయించవచ్చు. మగపిల్లలతోనూ వేయించమని డైరీలో స్పష్టంగా రాయాలి. రాయకపోతే మన ఇళ్లలో వేయించరు.

ఇక అంకెల సంగతి. యూకేజీ దాటి నా క్లాసుకు వచ్చిన పిల్లల్లో చాలామంది నూరు దాకా గడగడా చెప్పేవాళ్లు. "ఏడు చింతగింజలు ఇవ్వు నాన్నా" అంటే గుప్పెడు తీసి నా చేతిలో పోసేవాళ్లు. ఒక్కో గింజ మీద వేలు పెట్టి లెక్కపెట్టమంటే నోరు ముందు పరుగెత్తేది, వేలు వెనకబడేది. కొన్ని గింజలు రెండుసార్లు లెక్కలోకి వచ్చేవి, కొన్ని అసలు రావు. లెక్క పూర్తయ్యాక "అయితే మొత్తం ఎన్ని?" అని అడిగితే మళ్లీ మొదటి నుంచి ఒకటి, రెండు అని మొదలుపెట్టేవాళ్లు. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి వాళ్లకు ఇంకా అందలేదు. అది అందేదాకా నూరు దాకా చెప్పడం పాట పాడటంతో సమానం.

ఇంకొకటి మీరే మీ యూకేజీ క్లాసులో చేసి చూడండి. ఆరు చింతగింజలు ఒక వరస, దాని కింద ఆరు గింజలు ఇంకో వరస, ఒకదానికి ఎదురుగా ఒకటి పెట్టండి. రెండూ సమానమేనా అంటే సమానమే అంటారు. ఇప్పుడు పిల్లల కళ్ల ముందే కింది వరసను కాస్త ఎడంగా జరపండి. ఏది ఎక్కువ అని అడగండి. చాలామంది పొడుగ్గా ఉన్న వరసను చూపిస్తారు. లెక్కపెట్టమంటే రెండింటినీ ఆరని లెక్కపెట్టి, అయినా ఇదే ఎక్కువ అంటారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే పిల్లల ఆలోచనా తీరు మీద చేసిన పనిలో ఈ పరీక్ష చాలా పేరున్నది. ఆ పిల్లలు మొద్దులు కారు, ఆ వయసు బుర్ర అట్లాగే చూస్తుంది. గింజల్ని కుప్ప పోసి, వరస పెట్టి, గుండ్రంగా పేర్చి, పంచి, మళ్లీ కలిపి, చేతులతో ఎన్నో సార్లు అటూ ఇటూ చేశాక ఒకరోజు వాళ్లంతట వాళ్లకే తెలుస్తుంది, ఎట్లా పేర్చినా ఆరు ఆరేనని. ఆ రోజు రాకముందే ప్లస్ గుర్తు పెట్టి కూడికలు రాయిస్తే పిల్లలు జవాబులు బట్టీ పడతారు. లెక్కలంటే భయం మొదలయ్యేది అక్కడేనని నా నమ్మకం.

ఈ పని ఇంట్లో చింతగింజలతో జరుగుతుంది. ప్రతి ఏటా ఎండాకాలంలో చింతపండు కొట్టే ఇళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి, గింజలకు కరువు లేదు. వామనగుంటల పీట అటక మీద ఉంటే దింపమనండి. లేకపోతే నేల మీద సుద్దముక్కతో పద్నాలుగు గుండ్రాలు గీస్తే సరి, వరసకు ఏడు. అయిదేళ్ల పిల్లలు నాయనమ్మకు ఎదురుగా కూర్చుని గుంటకొక గింజ వదులుతూ పోతుంటే వేలూ నోరూ ఒకటవుతాయి. కొన్నాళ్లు ఆడాక ఇంకో మార్పు వస్తుంది. గింజలు చేతిలోకి తీసుకోకముందే ఒక్క క్షణం ఆగి, ఈ గుంట నుంచి మొదలెడితే నా చెయ్యి ఎక్కడ ఆగుతుంది అని చూపుతోనే లెక్క కట్టుకుంటారు. ఆ ఆగడాన్ని గమనించమని తల్లిదండ్రులకు చెప్పండి. మీరు ఫీజు తీసుకుని నేర్పాలనుకుంటున్న గణితం ఆ ఒక్క క్షణంలో ఉంది.

ఇక్కడ జాగ్రత్త ఒకటి చెప్పకపోతే తప్పు. మూడేళ్ల లోపు పిల్లలకు గింజలు, గోళీలు, గుండీలు ఇవ్వకూడదు. నోట్లోనో ముక్కులోనో దూర్చుకుంటే పొగతోట ఆసుపత్రులకు పరుగెత్తాల్సిందే. ఆ వయసుకి గిన్నెలు, మూతలు, చెక్క గరిటెలు చాలు. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలు ఏ వయసు పిల్లలకూ అందనివ్వకూడదు, మింగితే ప్రాణానికే ప్రమాదం. నీళ్లాట ఆడించేటప్పుడు పెద్దవాళ్లు అక్కడే కూర్చోవాలి. అయిపోయాక బకెట్ బోర్లించాలి. ఈ నాలుగు మాటలు డైరీ మొదటి పేజీలో అచ్చు వేయించండి.

నీళ్లాట ప్రస్తావన వచ్చింది కాబట్టి అది కూడా. రోహిణి కార్తెలో మన ఊళ్లో మధ్యాహ్నం పిల్లలు ఎక్కడికి పోతారు? ఇంట్లో ఫోనే దిక్కు. ఒక టబ్బులో సగం నీళ్లు, ఒక చెంబు, రెండు మూడు రకాల గ్లాసులు ఇచ్చి స్నానాల గది గుమ్మంలో కూర్చోబెడితే గంట గడిచిపోతుంది. పొడుగు గ్లాసులో నీళ్లు వెడల్పు గిన్నెలో పోస్తే తగ్గినట్టు కనిపిస్తాయి, తిరిగి పోస్తే మళ్లీ అంతే ఉంటాయి. గింజల దగ్గర చెప్పిన సంగతే ఇక్కడ నీళ్లతో తెలుస్తుంది. పాత ఇళ్లలో సోల, తవ్వ, మానిక ఉంటే ఇంకా మంచిది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం కొలుస్తూ ఈ లెక్క పట్టుకున్న పిల్లలకు సగం, పావు అన్న మాటలు తర్వాత కొత్తగా చెప్పాల్సిన పని ఉండదు.

మీ దగ్గర చదివే పిల్లల్లో రొయ్యల చెరువుల మీద బతికే కుటుంబాలవాళ్లు చాలామందే ఉంటారు, ముఖ్యంగా అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు. ఆ నాన్నలకు డైరీలో వేరే చెప్పాలి. రొయ్యను కౌంటుతో అమ్ముతారు, కేజీకి ఎన్ని తూగితే అంత కౌంటు. రొయ్య పెద్దదైతే కౌంటు తక్కువ, చిన్నదైతే ఎక్కువ. ఈ లెక్క ఆ నాన్నకు నిద్రలో కూడా తెలుసు. ఇంట్లో ఉల్లిపాయలో బంగాళదుంపలో ముందు పోసుకుని, పెద్దవన్నీ ఒక కేజీ, చిన్నవన్నీ ఒక కేజీ తూచి, ఏ కుప్పలో ఎన్ని ఉన్నాయో పిల్లలతో లెక్కపెట్టించమనండి. తూకం సమానంగా ఉండి లెక్క వేరుగా రావడం అయిదేళ్ల పిల్లలకు పెద్ద ఆశ్చర్యం. తనకు ఇంగ్లీషు రాదని, చదువు విషయం అమ్మ చూసుకుంటుందని పక్కకు తప్పుకునే నాన్న ఆ రోజు పిల్లలకు గురువవుతాడు. డైరీలో ఊరికే 'పేరెంట్స్' అని రాసి వదలకుండా నాన్నతో, తాతతో, అమ్మమ్మతో అని పేరు పెట్టి రాయండి. అప్పుడు వాళ్లు ముందుకు వస్తారు.

భాష గురించి మీకు, నాకు అభిప్రాయాల్లో తేడా ఉండవచ్చు. ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడండని తల్లిదండ్రులకు చెప్పే బడులు ఉన్నాయి. రాని భాషలో మాట్లాడమంటే ఆ తల్లి నాలుగు ముక్కలకు మించి మాట్లాడదు. 'కమ్, సిట్, ఈట్, స్లీప్'తో రోజు గడిచిపోతుంది. పిల్లల మాట పెరిగేది పెద్దవాళ్లతో ముచ్చట్లు పెరిగినప్పుడు. నువ్వొకటి అంటే వాడొకటి అనాలి, వాడన్నదానికి నువ్వు ఇంకొకటి కలపాలి. అది ఇంటి భాషలోనే జరుగుతుంది. కథ చెప్పి మధ్యలో ఆపి "ఇప్పుడు ఏం జరిగి ఉంటుంది?" అని అడగడం ఆ తల్లికి తెలుగులోనే వచ్చు. ఇంట్లో తెలుగు గట్టిగా ఉంటే బడిలో మీరు నేర్పే ఇంగ్లీషు దాని మీద నిలబడుతుంది.

అక్షరాలకు ముందు శబ్దాలు రావాలి. ఇందుకు బస్సు ప్రయాణం చాలు. నెల్లూరు బస్టాండులో కావలి బస్సు ఎక్కి కూర్చున్నారనుకోండి. "కావలి ఏ శబ్దంతో మొదలవుతుంది?" అని అడిగి, అట్లా మొదలయ్యే ఊళ్లు ఇంకా చెప్పమనండి. కోవూరు, కొడవలూరు దారిలోనే వస్తాయి. తాత ఊరు కలువాయి అయితే అదీ చెబుతారు. తర్వాత 'మ'. మైపాడు, ముత్తుకూరు, మర్రిపాడు. మధ్యలో "మామిడికాయ" అని అరిస్తే అది ఊరు కాదని ఆపకండి, శబ్దం సరిపోయింది కదా, ఒప్పుకోండి. మాటలో మొదటి శబ్దాన్ని విడదీసి వినగలిగిన పిల్లలకు అక్షరం నేర్చుకోవడం తేలిక. నా క్లాసులో చదవడానికి ఇబ్బంది పడిన పిల్లల్లో చాలామందికి కొరతపడింది ఇదే. అక్షరం ఆకారం వాళ్లకు వచ్చు, మాటలో అది ఎక్కడ పలుకుతోందో వినిపించేది కాదు.

మిగతావి క్లుప్తంగా. అంగడాట ఆడించండి, ఖాళీ డబ్బాలు, కాగితం ముక్కల డబ్బులు చాలు. పాట ఆగగానే బొమ్మలా నిలబడిపోయే ఆట ఆడించండి, తనను తాను అదుపులో పెట్టుకోవడం పిల్లలకు దానితో వస్తుంది, క్లాసులో కూర్చోబెట్టి గదమాయిస్తే రాదు. ఆదివారం మైపాడు వెళ్లినవాళ్లు తెచ్చిన గవ్వల్ని, ఆల్చిప్పల్ని రంగును బట్టి ఒకసారి, పరిమాణాన్ని బట్టి ఇంకోసారి వేరు చేయించండి. ఉదయగిరి చెక్క స్పూన్లు ఇంట్లో ఉంటే చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరస పెట్టించండి. ఎడ్యుకేషనల్ కిట్టు పేరుతో షాపులో అమ్మే ప్లాస్టిక్ బొమ్మలు కొనమని మాత్రం ఏ తల్లికీ చెప్పకండి.

నిబంధనలు నాకంటే మీకే బాగా తెలుసు. అయినా గుర్తు చేస్తాను. ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు ఇవ్వకూడదని 2018లో మద్రాసు హైకోర్టు సీబీఎస్‌ఈ బడులకు చెప్పింది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్కు వద్దంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒక పునాది దశగా తీసుకుని, ఆ దశలో చదువంతా ఆట మీద నడవాలంది. దానికి తగ్గట్టు 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆ వయసు పిల్లలకు పరీక్షలు పెట్టడం ఎంతమాత్రం తగదని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో బొమ్మలు, పజిళ్లు, కథల కార్డులతో పెట్టె కూడా విడుదలైంది. రెండో తరగతికే వద్దన్న హోంవర్కు నర్సరీకి ఎలా తగుతుంది? ఫోన్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇంకా సూటిగా ఉంది. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలి. రాత హోంవర్కు అయ్యాక, బుజ్జగించడానికి ఫోన్ ఇచ్చాక, ఆ మూడు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

మీ ఇబ్బంది నాకు తెలియక కాదు. పక్క వీధి బడిలో యూకేజీకే కర్సివ్ రాయిస్తున్నారని తల్లిదండ్రులు మిమ్మల్ని నిలదీస్తారు. అడ్మిషన్ల సీజన్‌లో ఆ మాట మీకు టెన్షన్ పెడుతుంది. పొలం కౌలుకిచ్చి, చీటీ పాడి ఫీజు కట్టే తండ్రికి నిండిన కాపీ పుస్తకమే కళ్లకు కనిపించే రుజువు. అది తీసేస్తే ఏం చూపించాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు తోచిన జవాబు ఒకటుంది. మూడు నెలలకు ఒకసారి ఆ తండ్రిని పిలిచి పిల్లల పక్కన కూర్చోబెట్టండి. పదిహేను గింజలు లెక్కపెట్టి ఇమ్మనండి, కథ చెప్పమనండి, చొక్కా గుండీలు తానే పెట్టుకోమనండి, శబ్దాలాట ఆడించండి. జూన్‌లో రానిది సెప్టెంబరులో వస్తే తండ్రి కళ్లతో చూస్తాడు. నిండిన కాపీలో సగం రాత తల్లిదేనని అతనికీ తెలుసు. తన బిడ్డ తన కళ్ల ముందు చేసింది చూశాక పక్క వీధి కర్సివ్ గురించి అడగడు. ఒక్క బడి అయితే భయం, నలుగురు కలిస్తే ఉండదు. మీ సంఘం సమావేశాల్లో ఫీజులు, గుర్తింపుల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ విషయం కూడా ఒకసారి ముందు పెట్టుకోండి.

అమలు చేసేటప్పుడు ఒక్కటి తప్పనిసరిగా పాటించమని వేడుకుంటున్నాను. ఆట ఆడించినట్టు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమని అడగవద్దు. అడిగారంటే అది ఇంకో హోంవర్కు అయిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చిన తల్లి నిద్రపోయే పిల్లను లేపి, గింజలు ముందు పోసి ఫోటో తీసుకుంటుంది. థర్మకోల్ ప్రాజెక్టులకు పట్టిన గతే ఆటకూ పడుతుంది. మార్కులు వద్దు, స్టార్లు వద్దు. ఆడలేకపోయిన రోజు వదిలేయమని మీరే రాయండి. డైరీలో లైను ఇంత చిన్నగా ఉంటే చాలు: "ఈ రోజు తాతతో: ఉల్లిపాయలు, బంగాళదుంపలు కలిపి పోసి వేరు చేయించండి. తర్వాత పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క పెట్టమనండి. రాయించవద్దు." అది తెలుగులో రాయండి, చదివేది తాత కాబట్టి.

నవంబరు సెలవులకు ముందుగానే సిద్ధంగా ఉండండి. మన జిల్లాలో వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి బడి ఉండదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే దెబ్బతిన్నాయి, అప్పుడు ఇళ్లలో పిల్లలు ఎట్లా గడిపారో మనమందరం చూశాం. అలాంటి రోజుల్లో ఫోన్‌కు వర్క్‌షీట్లు పంపుతున్నారు. వాటి బదులు వానాకాలం ఆటల కాగితం ఒకటి అక్టోబరులోనే అచ్చు వేసి ఇంటికి పంపండి. కరెంటు లేని రాత్రి గోడ మీద చేతులతో నీడల బొమ్మలు, చూరు కింద గిన్నె పెట్టి వాన ఎంత పడిందో చూడటం, కాగితం పడవ, దుప్పటి కప్పి కింద ఏముందో తడిమి చెప్పే ఆట, ఇలాంటివి.

మీ చిన్న క్లాసుల టీచర్ల గురించి కూడా ఒక మాట. చాలామందికి జీతం తక్కువ, క్లాసులో పిల్లలు ఎక్కువ. నలభై కాపీలు దిద్దే పని తప్పితే ఆ గంటలో వాళ్లు పిల్లలతో కూర్చోగలుగుతారు. మీ బడికి దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీకి వాళ్లను ఒక పూట పంపండి. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) కింద ఈ కేంద్రాలు నడుస్తున్నాయి. అన్నీ బాగున్నాయని అనను. మంచి కార్యకర్త ఉన్న చోట మాత్రం రాళ్లు, ఆకులు, పాటలతో మూడేళ్ల పిల్లల్ని ఒక పూటంతా ఎట్లా నడిపిస్తారో చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నేను అక్కడ నేర్చుకున్నవే ఒకటో తరగతిలో వాడాను.

ఐక్యరాజ్యసమితి జూన్ 11ను అంతర్జాతీయ ఆటల దినంగా పెట్టింది, 2024లో మొదటిసారి జరిగింది. మన బళ్లు తెరిచేది ఆ దరిదాపుల్లోనే. ఈసారి మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో ప్రొజెక్టర్ పక్కన పెట్టి, హాలులో చాపలు పరిపించండి. ఒక్కో చాప మీద చాటెడు చింతగింజలు, ఒక చపాతీ పిండి ముద్ద, ఇసుక పళ్లెం పెట్టండి. ఉపన్యాసం వద్దు. తల్లిదండ్రుల్ని పిల్లలతో పాటు కింద కూర్చోబెట్టి అరగంట ఆడించండి, ఆ తర్వాతే డైరీలు చేతికివ్వండి. ఏ చాప మీద ఏం పెట్టాలో, ఏ వయసుకి ఏ ఆట అన్నది మీ టీచర్లకు చూపించడానికి మనిషి కావాలంటే, కోవూరు నుంచి కావలి దాకా ఏ బడి పిలిచినా నేను వస్తాను. నాకేమీ ఇవ్వనక్కర్లేదు. మే నెలాఖరులోపు పిలిస్తే డైరీలు అచ్చుకు వెళ్లకముందే కూర్చుని రాసుకోవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రాథమిక పాఠశాల టీచరు,
నెల్లూరు